బండికి ముందు అదనపు లైట్లు బిగించుకోవడం ఎలా?

బొలెరోకో థార్‌కో పాత స్కార్పియోకో ముందు రెండు లైట్లు అదనంగా పెట్టుకోవాలి, ఏ వైరు ఎక్కడ కలపాలి అని అడిగేవాళ్లు ఆగడం లేదు. అడిగేటప్పటికే లైటు ఏ కంపెనీదో, ఎన్ని వాట్లో తేల్చేసుకుని ఉంటారు. వైరింగ్ మాటెత్తితే మాత్రం "అది షాపువాడు చూసుకుంటాడులే" అంటారు. నేను దీన్ని తిరగేసి చెబుతాను. డబ్బూ, ఓపికా ముందు వైరింగ్ మీద పెట్టండి, మిగిలింది లైటు మీద పెట్టండి. నికార్సయిన వైరింగ్ ఉంటే ఓ మోస్తరు లైటైనా ఏళ్లపాటు వెలుగుతుంది. వైరింగ్ చెత్తదైతే ఎంత ఖరీదైన లైటైనా మొదటి వానాకాలానికే మినుకుమినుకుమంటుంది, లేదంటే బానెట్ కింద పొగ వస్తుంది.

ఇక్కడ చెప్పేది 12 వోల్టుల బండికి, ముందు బంపరు మీద, ఒక్కోటి 40 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు రెండు బిగించడం గురించి. అప్పర్ (హై బీమ్) వేసినప్పుడే అవి వెలగాలి, డిప్ (లో బీమ్) కొట్టగానే ఆరిపోవాలి. లారీలాంటి 24 వోల్టుల బండి అయితే పద్ధతి ఇదే, కానీ లైట్లు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసేది), స్విచ్చు అన్నీ 24 వోల్టులవే కొనాలి.

ముందు రూలు సంగతి

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 111వ నిబంధన ప్రకారం రిజిస్ట్రేషన్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా బండి ముందు భాగాన స్పాట్ లైటు గానీ సెర్చి లైటు గానీ పెట్టకూడదు. ఆ అనుమతి కూడా ప్రత్యేక పరిస్థితుల్లోనే ఇస్తారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధంగా బండిని మార్చితే, 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. లైట్లు బిగించడానికని బుల్ బార్ (బంపరు ముందు బిగించే ఇనుప చట్రం) కొనేవాళ్లున్నారు. అది ఇంకో తలనొప్పి. బుల్ బార్లు చట్టవిరుద్ధమని, చర్య తీసుకోవాలని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది.

కాబట్టి ఈ లైట్లు పొలానికి, చెరువు గట్లకు, కాఫీ తోటలకు, ఆఫ్‌రోడ్ ట్రాకులకు. తారు రోడ్డెక్కితే ఆపి, కవర్లు తొడిగి ఉంచండి. కవరు తొడిగినంత మాత్రాన నిబంధన మాఫీ అయిపోదు, అదీ గుర్తుంచుకోండి. పూర్తిగా నిశ్చింతగా ఉండాలంటే ఆర్టీఓ ఆఫీసులో అనుమతి అడగాలి, లేదా తారు రోడ్డుకు వచ్చే ముందు ఊడదీయగలిగేలా బిగించుకోవాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా తమ రాష్ట్రం రూలు చూసుకోవాలి. కాలిఫోర్నియాలోనైతే ఆఫ్‌రోడ్ లైట్లకు హైవే మీద వెలుగు బయటకు రాని కవరు తొడిగి ఉంచడం తప్పనిసరి.

రాత్రిపూట అడవి దారిలో ఈ లైట్లు వేసుకుని తిరగకండి. జంతువులకు ఇబ్బంది కావడం ఒకటి, వేటగాళ్ల బండి అనుకుని చెక్‌పోస్టులో గంటలకొద్దీ కూర్చోబెట్టడం ఇంకొకటి.

అసలు మీకు లైట్లు కావాలా?

సగం మందికి అక్కర్లేదు. హెడ్‌లైటు పైగాజు పచ్చబడి ఉంటుంది, లేదా రిఫ్లెక్టరు నల్లబడి ఉంటుంది, లేదా సస్పెన్షన్ పని చేయించాక బీమ్ ఎత్తు సరిచూసుకుని ఉండరు. పాత బండ్లలో హెడ్‌లైటు కరెంటు మొత్తం స్టీరింగ్ పక్కన ఉన్న స్విచ్చు గుండానే పోతుంది. బల్బు దగ్గరికి చేరేసరికి ఒకటి, ఒకటిన్నర వోల్టు తగ్గిపోవడం మామూలే. హాలోజెన్ బల్బుకు వోల్టేజీ ఎంత శాతం తగ్గితే వెలుగు దానికి సుమారు మూడు రెట్ల శాతం తగ్గుతుంది. గాజు పాలిష్ చేయించి, హెడ్‌లైటుకే రిలే పెట్టి, ఎత్తు సరిచేసి ఒక రాత్రి నడిపి చూడండి. అప్పటికీ చాలకపోతే కింద చెప్పినవి కొనండి.

ఏ లైటు?

దూరం కనబడాలంటే స్పాట్ లేదా డ్రైవింగ్ బీమ్. దగ్గర్లో గట్టుకు అటూ ఇటూ కనబడాలంటే ఫ్లడ్. లంబసింగి పొగమంచు, ఎండాకాలపు మట్టి రోడ్డు దుమ్ము మీ అసలు సమస్య అయితే పసుపు వెలుగున్న ఫాగ్ బీమ్ తీసుకుని వీలైనంత కిందికి బిగించండి. ఎత్తున పెట్టిన తెల్ల లైటు మంచును తాకి తిరిగి మీ కళ్లలోకే కొడుతుంది. టాప్ మీద పొడవాటి లైట్‌బార్ చూడ్డానికి బాగుంటుంది గానీ బానెట్ మీద పడే వెలుగు కళ్లను చంపేస్తుంది, వేగం పెరిగితే ఈల వేస్తుంది. నేనైతే పెట్టను.

డబ్బా మీద రాసిన వాట్లు నమ్మకండి. షాపులోనే ఒక బ్యాటరీకి కలిపి, మల్టీమీటరును 10 ఆంపియర్ల రేంజ్‌లో సీరీస్‌లో పెట్టి చూపించమనండి. "300 వాట్లు" అని రాసిన జత 3 ఆంపియర్లు లాగుతోందంటే రెండూ కలిసి 36 వాట్లే అన్నమాట. నిజంగా 300 వాట్లయితే 25 ఆంపియర్లు లాగాలి, దాంతోపాటు ఇచ్చిన ఫోన్ చార్జర్ తీగంత సన్నపు వైరు ఆ కరెంటుకు అక్కడే కాలిపోవాలి. నీళ్లు, బురద ఉండేచోట తిరిగే బండికి ఐపీ 67 (దుమ్ము, నీళ్లు దిగకుండా ఆపే రేటింగ్) కన్నా తక్కువది వద్దు.

కావాల్సినవి

- లైట్లు రెండు, వాటి బ్రాకెట్లు, లాక్ నట్లు
- 12 వోల్టుల, 30 లేదా 40 ఆంపియర్ల నాలుగు పిన్నుల రిలే, దాని సాకెట్‌తో సహా
- నీళ్లు దిగని ఫ్యూజు హోల్డర్, 10 ఆంపియర్ల ఫ్యూజులు. రిలేను పనిచేయించే ట్రిగ్గర్ వైరుకు చిన్న ఫ్యూజు హోల్డర్, 3 ఆంపియర్ల ఫ్యూజు
- మెయిన్ లైనుకు 2.5 స్క్వేర్ ఎంఎం ఎరుపు, నలుపు వైరు. ట్రిగ్గర్‌కు 1 స్క్వేర్ ఎంఎం వేరే రంగు వైరు. రెండూ ఆటోమొబైల్ వైరే కావాలి
- స్విచ్చు
- థింబుల్స్ (వైరు కొసకు తొడిగే లోహపు ముక్కలు), వాటిని నొక్కి బిగించే (క్రింప్ చేసే) క్రింపింగ్ ప్లయర్, హీట్ ష్రింక్ (వేడి చేస్తే వైరుకు బిగుసుకునే తొడుగు), గీతల ప్లాస్టిక్ గొట్టం, కేబుల్ టైలు, రబ్బరు గ్రోమెట్
- మల్టీమీటరు, పానాలు, ఎమ్రీ కాగితం

ఇంట్లో మిగిలిన హౌస్ వైరింగ్ ముక్క వాడొచ్చా అని అడుగుతారు. వద్దు. ఆ వైరు పైతొడుగు ఇంజిన్ వేడికి గట్టిపడి పగులుతుంది. సింగిల్ తీగ వైరైతే ఇంజిన్ కంపనానికి లోపల విరిగిపోయి, బయటికి మాత్రం బాగానే కనిపిస్తుంది.

ఫ్యూజు లెక్క చిన్నదే. రెండు లైట్లు కలిపి 80 వాట్లు, 12 వోల్టులతో భాగిస్తే 7 ఆంపియర్లకు కాస్త తక్కువ. దాని పైన దొరికే సైజు 10. ఫ్యూజు ఉన్నది వైరు కాలకుండా ఆపడానికి, లైటును కాపాడ్డానికి కాదు.

పని మొదలు

1. ఇంజిన్ ఆపి, తాళం తీసి, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ఊడదీయండి. పాజిటివ్ ముందు ఊడదీస్తే పానా బాడీకి తగిలినప్పుడు నిప్పురవ్వలు లేస్తాయి.

2. లైట్లను చేత్తో పట్టుకుని చోటు చూసుకోండి. రేడియేటర్‌కు గాలి అడ్డుకోకూడదు, నంబరు ప్లేటు మూయకూడదు, హెడ్‌లైట్లకు, ఇండికేటర్లకు అడ్డం రాకూడదు. ముందు రాడారు, పార్కింగ్ సెన్సర్లు ఉన్న కొత్త బండ్లలో వాటి ఎదుట ఏదీ పెట్టకండి. బంపరు లోపల ఎయిర్‌బ్యాగ్ సెన్సరు ఎక్కడుందో తెలుసుకోకుండా డ్రిల్లు వేయొద్దు. వీలైతే కంపెనీ ఇచ్చిన బోల్టు రంధ్రాలకే బ్రాకెట్ పట్టేలా చూసుకోండి. ప్లాస్టిక్ బంపరుకు నేరుగా బిగిస్తే లైటు వణుకుతుంది, రోడ్డు మీద వెలుగు గంతులేస్తుంది. వెనకాల ఇనుప పట్టీ తప్పనిసరి.

3. బోల్టు కింద వాషర్, పైన లాక్ నట్టు వేసి బిగించండి. ఎత్తు సర్దుకునే బోల్టును మాత్రం ఇప్పుడు చేత్తో తిప్పేంత బిగుతులోనే వదలండి. స్టెయిన్‌లెస్ బోల్టుకు కాస్త గ్రీజు రాయండి, లేకపోతే తర్వాత ఊడదు.

4. రిలేను బ్యాటరీకి దగ్గర్లో, ఎగ్జాస్టుకు దూరంగా, పిన్నులు కిందికి ఉండేలా బిగించండి. పైకి ఉంటే సాకెట్‌లో నీళ్లు నిలిచి పిన్నులు పచ్చబడతాయి.

5. మెయిన్ లైను. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఎరుపు వైరు తీసి ఒక జానెడు లోపలే ఫ్యూజు హోల్డర్ వేయండి, అక్కడి నుంచి రిలే మీద 30 అని నంబరున్న పిన్నుకు. ఫ్యూజు మాత్రం ఇప్పుడే పెట్టకండి. రిలే 87వ పిన్ను నుంచి రెండు లైట్ల ఎరుపు వైర్లకు. ఫ్యూజును లైటు దగ్గర వేస్తే బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న వైరుకు రక్షణ ఉండదు. బానెట్ కింద మంటలు మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

6. ఎర్త్. లైట్ల నలుపు వైర్లు, రిలే 85వ పిన్ను వైరు బాడీ ఎర్త్ బోల్టుకు. పెయింటు ఉంటే మెరిసే ఇనుము కనబడేదాకా ఎమ్రీతో గీకి, రింగు థింబుల్ పెట్టి బిగించి, పైన గ్రీజు రాయండి. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీద చిన్న డబ్బీలాంటి సెన్సరు ఉన్న బండ్లలో నేరుగా ఆ టెర్మినల్‌కు కలపకండి. ఆ సెన్సరు మీ లైట్లు వాడే కరెంటును లెక్కలోకి తీసుకోదు. బాడీ ఎర్త్‌కే ఇవ్వండి.

7. అప్పర్ వైరు వెతకడం. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. నెగెటివ్ టెర్మినల్ తాత్కాలికంగా కలిపి, హెడ్‌లైటు కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) వెనక మల్టీమీటరు పెట్టి ఒకరిని అప్పర్, డిప్పర్ మార్చమనండి. అప్పర్‌లో 12 వోల్టులు, డిప్‌లో సున్నా చూపించేదే మీకు కావాల్సిన వైరు. రంగు చూసి ఊహించకండి, మోడల్ మారితే రంగు మారుతుంది. చూశాక నెగెటివ్ మళ్లీ తీసేయండి.

   కొన్ని బండ్లలో పాజిటివ్ ఎప్పుడూ ఒకే పిన్నుకు వస్తుంది, స్విచ్చు తెంచేది ఎర్త్‌ను. అలాంటప్పుడు అప్పర్ వైరులో వోల్టేజీ అప్పర్ వేస్తే సున్నాకు పడుతుంది. వాటిలో ఉమ్మడి పాజిటివ్‌ను స్విచ్చు గుండా 86కు, అప్పర్ వైరును 85కు ఇవ్వాలి, 85ను బాడీకి కలపకూడదు.

   కంపెనీ ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు, కంప్యూటరు అదుపులో ఉండే లైట్లు ఉన్న కొత్త బండ్లలో వైరు కోయకండి. రిలే టకటకా కొట్టుకోవచ్చు, మీటరు మీద హెచ్చరిక వెలగొచ్చు, వారంటీ వివాదం రావచ్చు. మీ మోడల్‌కు సరిపోయే కప్లర్ హార్నెస్ (వైరు కోయకుండా కప్లర్ల మధ్య గుచ్చే వైర్ల సెట్టు) దొరికితే అది తీసుకోండి. దొరక్కపోతే ఇగ్నిషన్‌తో ఆన్ అయ్యే ఫ్యూజు నుంచి ఫ్యూజు ట్యాప్ (ఫ్యూజు చోట గుచ్చి ఇంకో లైను తీసే ముక్క) వేసుకోవచ్చు. అప్పుడు డిప్ కొడితే ఈ లైట్లు ఆరవు, స్విచ్చు మీరే ఆపాలి. ఆ అలవాటు లేకపోతే ఈ దారి వద్దు.

8. ట్రిగ్గర్. అప్పర్ వైరు నుంచి 3 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి లోపలి స్విచ్చు, స్విచ్చు నుంచి రిలే 86వ పిన్ను. రిలే కాయిల్ లాగేది సుమారు 0.15 ఆంపియరే, అప్పర్ వైరుకు ఏ భారమూ పడదు. వైరును క్యాబిన్‌లోకి తెచ్చేటప్పుడు ఇప్పటికే ఉన్న రబ్బరు గ్రోమెట్ గుండా తీసుకోండి. గ్రోమెట్ లేని రంధ్రం అంచు వైరును నెమ్మదిగా కోస్తుంది. పెడల్స్‌కు, స్టీరింగ్ రాడ్డుకు తగలకుండా కట్టండి.

   వెలిగే స్విచ్చుకు మూడు పిన్నులుంటాయి: లోపలికి, బయటికి, ఎర్త్. ఎర్త్ పిన్ను సాధారణంగా రంగులో వేరుగా, ఇత్తడి ఛాయలో ఉంటుంది. రిలేకు పోయే వైరునూ ఎర్త్ వైరునూ పొరపాటున తారుమారు చేస్తే స్విచ్చు నొక్కగానే ఫ్యూజు ఎగిరిపోతుంది.

9. జాయింట్లన్నీ క్రింప్ చేసి హీట్ ష్రింక్ వేయండి. వైరు మీద తోలు తీసి, మెలితిప్పి, టేపు చుట్టడం జాయింటు కాదు. క్రింప్ చేశాక ఒక్కోటీ చేత్తో గట్టిగా లాగి చూడండి. ఊడి వచ్చేది ఇప్పుడే రావాలి. వైర్లను ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి ప్రతి జానెడుకూ టై వేయండి. లైటు దగ్గర వైరును కిందికి వేలాడేలా ఒక మెలిక వదలండి, వాన నీళ్లు కప్లర్‌లోకి పోకుండా అక్కడి నుంచే జారిపోతాయి.

10. బ్యాటరీ నెగెటివ్ కలిపి, అన్నిటికన్నా చివర మెయిన్ ఫ్యూజు పెట్టండి. పెట్టేటప్పుడు నిప్పురవ్వ కనిపించినా, లైటు వెలిగినా వెంటనే తీసేసి వైరింగ్ మళ్లీ చూడండి.

లైటు ఎత్తు సర్దడం

చదునైన చోట గోడకు 25 అడుగుల దూరంలో బండి ఆపండి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, డ్రైవరు సీట్లో మనిషి ఉండాలి. ఎప్పుడూ బరువుతో తిరిగే బండయితే ఆ బరువుతోనే చేయండి. నేల నుంచి లైటు మధ్యభాగం ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అదే ఎత్తులో టేపు అంటించండి. డ్రైవింగ్ బీమ్‌లో అన్నిటికన్నా ప్రకాశంగా ఉన్న మచ్చ ఆ టేపుకు రెండు అంగుళాల కింద పడాలి. ఫాగ్ లైటయితే వెలుగు పై అంచే నాలుగు అంగుళాల కింద ఉండాలి. ఒక లైటు సర్దేటప్పుడు రెండోదాన్ని గుడ్డతో కప్పండి. తర్వాత ఎత్తు బోల్టును బిగించి, నట్టు మీద నుంచి బ్రాకెట్ దాకా పెయింటు పెన్నుతో ఒక గీత గీయండి. గీత తెగి కనబడితే నట్టు కదిలిందని అర్థం.

పని సరిగ్గా అయిందా?

మొదట వరస చూడండి. అప్పర్ వేసి స్విచ్చు నొక్కితే రిలే నుంచి ఒక్క టక్ శబ్దం, లైట్లు వెలగాలి. డిప్ కొడితే ఆరాలి. అప్పర్ లేకుండా స్విచ్చు నొక్కితే ఏమీ జరగకూడదు. స్విచ్చు ఆపేసినా లైట్లు వెలుగుతూనే ఉంటే, మీరు కొన్నది ఐదు పిన్నుల రిలే అయి లైటు వైరు 87ఏ పిన్నులో పడి ఉంటుంది. ఆ పిన్నుకు రిలే పనిచేయనప్పుడే కరెంటు వస్తుంది.

తర్వాత కొలత. ఇంజిన్ నడుస్తూ, లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉంటుంది. లైటు కప్లర్ దగ్గర కూడా కొలవండి. తేడా అర వోల్టు లోపు ఉంటే బాగున్నట్టే. అంతకన్నా ఎక్కువైతే మల్టీమీటరు ఒక కొన లైటు ఎర్త్ వైరు మీద, ఇంకో కొన బ్యాటరీ నెగెటివ్ మీద పెట్టండి. నష్టమంతా అక్కడే కనిపిస్తే పెయింటు సరిగ్గా గీకలేదన్నమాట.

ఇరవై నిమిషాలు వెలిగించి ఫ్యూజు హోల్డర్‌ను, రిలేను ముట్టుకోండి. గోరువెచ్చగా ఉండొచ్చు. వేలు పెట్టలేనంత వేడెక్కితే ఆ జాయింటు వదులుగా ఉంది. ఎల్‌ఈడీ లైటు వెనక భాగం మాత్రం బాగా కాలుతుంది, అది మామూలే.

ఎఫ్‌ఎం రేడియో పెట్టి లైట్లు వేయండి. స్టేషన్ మీద గరగర మొదలైతే లైటు లోపల కరెంటును అదుపు చేసే సర్క్యూటు నాసిరకం. లైటు వైరుకు ఫెరైట్ కోర్ (వైరు చుట్టూ తొడిగే అయస్కాంత పదార్థపు రింగు) తగిలిస్తే కొంత తగ్గుతుంది, తగ్గకపోతే బిల్లు చేతిలో ఉండగానే మార్చుకోండి.

బ్యాటరీ రాత్రికి రాత్రే దిగిపోతోందంటారు కొందరు. బండి లాక్ చేసి అరగంట ఆగి, నెగెటివ్ లైనులో మల్టీమీటరు సీరీస్‌లో పెట్టండి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే తప్పు లైట్లది కాదు. ఎక్కువుంటే రిలే సాకెట్ నుంచి ఊడదీసి మళ్లీ చూడండి.

ఇక నీళ్లు. పైపుతో అయిదు నిమిషాలు తడపండి. అద్దం లోపల సన్నటి ఆవిరి పట్టి, లైటు వేశాక పోతే ఫర్వాలేదు. నీటిబొట్లు నిలిస్తే ఆ లైటు తిరిగిచ్చేయండి. సర్వీస్ సెంటరులో ప్రెషర్ గన్ లైటు వెనక, వైరు దూరే చోట కొట్టొద్దని చెప్పండి.

ఈ లైట్లను బీమా పాలసీలో ఎలక్ట్రికల్ యాక్సెసరీస్ కింద విడిగా రాయించండి. బిల్లు దాచండి.

మొదటిసారి గతుకుల దారిలో తిరిగొచ్చాక పెయింటు గీతలు చూసి నట్లు మరోసారి బిగించండి. డ్యాష్‌బోర్డు అరలో 10 ఆంపియర్ల ఫ్యూజులు రెండు, రిలే ఒకటి ఉంచుకోండి. ఫ్యూజు పోతే అదే సైజుది వేయండి. అదీ పోతే మెయిన్ లైను ఎక్కడో బాడీకి రాసుకుంటోంది, వెతికి పట్టుకోండి, అంతేగానీ 30 ఆంపియర్లది వేసి బండి నడపకండి.